షుగర్‌కి మూలికలు వాడేవారికి: ఏది, ఎంత, ఎలా, ఎక్కడ ఆపాలి

మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్లు తాగి, గింజల్ని పారేసే ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. చక్కెర రక్తంలోకి దిగే వేగాన్ని తగ్గించే జిగురు పీచు ఆ పారేసిన గింజల్లోనే ఉంటుంది. నేరేడు గింజల పొడి సంగతీ అంతే. ఒకరి చెంచాలో రెండు గ్రాములు పడితే మరొకరి చెంచాలో ఆరు పడతాయి. అడిగితే ఇద్దరూ 'రోజూ ఒక చెంచా' అనే అంటారు. మూలికలతో షుగర్ తగ్గిందన్న మాటా, తగ్గలేదన్న మాటా ఇలా తూకం లేకుండా పుట్టినవే ఎక్కువ.

మన మూలికల్లో బలం లేదని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1980లలోనే మెంతుల్ని షుగర్ రోగులకు ఇచ్చి పరీక్షించింది. వేగిస చెక్క మీద భారత వైద్య పరిశోధన మండలి చేయించిన పరీక్ష ఫలితాలు 1998లో వచ్చాయి. మందు గుణం ఉన్నదాన్ని మందులాగే వాడాలి: సరైన మొక్క, సరైన భాగం, తూచిన మోతాదు, ఒకసారికి ఒక్కటే, పక్కన రీడింగుల పుస్తకం. ఐదు రకాల పొడులు కలిపి మింగితే ఏది పని చేసిందో తెలియదు, ఏది కడుపులో తిప్పిందో అంతకన్నా తెలియదు.

ఎవరు వాడొచ్చు, ఎవరు వద్దు

ఫాస్టింగ్ (పరగడుపు షుగర్) 100 నుంచి 125 మధ్య గానీ, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య గానీ ఉన్నవారు, అంటే ప్రీడయాబెటిస్ దశలో ఉన్నవారు, ఇంకా టైప్ 2 వచ్చి మాత్రలతో నిలకడగా ఉన్నవారు డాక్టరుకు చెప్పి వాడుకోవచ్చు. 'చెప్పి' అన్న మాట ముఖ్యం. మాత్ర తగ్గించాలా వద్దా అనేది రీడింగులు చూసి డాక్టరు తేల్చాలి. మూలిక మొదలుపెట్టిన రోజే మాత్ర ఆపేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

టైప్ 1 వారి శరీరంలో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. ఆ లోటును ఏ ఆకూ పూడ్చలేదు. ఇంజెక్షన్ మానేసి ఆకును నమ్ముకుంటే రక్తం ఆమ్లంగా మారి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కిడ్నీ లేదా కాలేయ జబ్బు ఉన్నవారు వంటలో పడే పాటి మెంతులు, పసుపు, కాకరకాయ దాటి మోతాదుగా ఏదీ తీసుకోకూడదు. ఫాస్టింగ్ 250 దాటినా, బరువు చకచకా తగ్గిపోతున్నా, ముందు ఆసుపత్రికి వెళ్లాలి. మూలికల మాట తర్వాత.

మొదలుపెట్టే ముందు వారం

బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న డిజిటల్ తూకం ఒకటి కొనుక్కోండి, గ్రాములో పదో వంతు చూపేది. మీ ఇంటి చెంచాతో ప్రతి పొడినీ ఒకసారి తలగొట్టి కొలిచి తూచండి. ఆ అంకెను డబ్బా మూత మీద రాసి పెట్టండి. ఆ తర్వాత రోజూ తూచాల్సిన పని ఉండదు.

మూలిక మొదలుపెట్టకముందే ఒక వారం రీడింగులు కావాలి. వారంలో మూడు రోజులు పొద్దున ఫాస్టింగ్, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఇంకోటి. ఆ మూడు రోజులూ టిఫిన్ ఒకటే ఉండాలి. రెండు ఇడ్లీ తిన్న రోజుతో నాలుగు పూరీ తిన్న రోజును పోల్చి లాభం లేదు. వేలు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు కోసిన చేత్తో చూస్తే ఉన్నదాని కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది.

ఇంట్లో వాడే మీటర్లకు 15 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. అసలు 150 ఉన్న రక్తానికి 130 చూపినా, 170 చూపినా మీటరు తప్పు కాదు. అందుకే ఒక్క రీడింగ్ చూసి సంబరపడొద్దు, బెంగపడొద్దు. వారం సగటుతో వారం సగటును పోల్చాలి. ఆహారం, నడక, మాత్రలు ఏవీ మార్చకుండా కొత్త మూలిక ఒక్కటే కలిపి నాలుగు వారాలు చూడండి. హెచ్‌బీఏ1సీ మాత్రం 90 రోజులకు చేయిస్తేనే అర్థం ఉంటుంది, ఎర్ర రక్తకణాల ఆయుష్షు దాదాపు నాలుగు నెలలు కాబట్టి.

మెంతులు

మొదట మెంతులతోనే మొదలుపెట్టమంటాం. గుర్తుపట్టడంలో పొరపాటుకు చోటు లేదు, ధర తక్కువ, మనం తరతరాలుగా తింటున్నదే, ఆధారాలూ మిగతావాటి కంటే ఎక్కువ ఉన్నాయి. పోషకాహార సంస్థ పరీక్షల్లో రోజుకు 25 నుంచి 100 గ్రాముల దాకా ఇచ్చి చూశారు. ఆ 100 గ్రాములు నూనె తీసేసిన పొడి, ఇంట్లో రోజూ తినగలిగేది కాదు. ఇంట్లో లక్ష్యం 25 గ్రాములు. నిండు టీస్పూను గింజలు సుమారు 4 గ్రాములు తూగుతాయి కాబట్టి ఆరు టీస్పూన్లు, రెండు పూటలకు పంచి.

మెంతుల్లో సగానికి దగ్గరగా పీచే. అందులో గెలాక్టోమానన్ అనే జిగురు పీచు నీళ్లు పీల్చి జెల్లీలా ఉబ్బి, అన్నంలోని పిండి పదార్థం చుట్టూ పేరుకుంటుంది. పిండి చక్కెరగా విడిపోయి పేగు గోడ చేరడం ఆలస్యమవుతుంది. అంటే మెంతులు అన్నం కంటే ముందో, అన్నంతోనో కడుపులో ఉండాలి. భోజనమైన గంటకు తింటే ఆ పని జరగదు. తిన్నాక చూసే రీడింగులోనే వీటి ప్రభావం ముందు కనిపిస్తుంది, ఫాస్టింగ్ మీద నెమ్మదిగా.

పద్ధతి ఇది. మొదటి నాలుగు రోజులు పూటకు ఒక టీస్పూను చొప్పున ఒక్క పూటే. తర్వాత రెండు పూటలా. ఆ పైన నాలుగైదు రోజులకు ఒక టీస్పూను చొప్పున పెంచుతూ మూడు వారాలకు 25 గ్రాములకు చేరండి. మొదటి రోజే మూడు చెంచాలు తింటే కడుపుబ్బరం, విరేచనాలు తప్పవు. 'నాకు మెంతులు పడవు' అనేవారిలో చాలామందికి జరిగింది ఇదే. పూటకు 12 గ్రాములు కడిగి, ఒక చిన్న గ్లాసు నీళ్లలో ఎనిమిది గంటలు నాననివ్వండి. నీళ్లు చిక్కబడి గింజ మూడింతలు ఉబ్బుతుంది. టిఫినుకు పావుగంట ముందు గింజలు నమిలి ఆ నీళ్లు తాగాలి. నమలలేని వారు గింజల్ని నీళ్లతో సహా మిక్సీలో తిప్పి మజ్జిగలో కలుపుకోవచ్చు. రాత్రి పూటకు పొద్దున నానబెట్టుకోవాలి.

చేదు భరించలేకపోతే రెండు దారులు. ఒకటి మొలకలు: నానిన గింజల్ని తడి గుడ్డలో మూటకట్టి రెండు రోజులు ఉంచితే చేదు బాగా తగ్గుతుంది. వేసవిలో మూట పన్నెండు గంటలకోసారి కడగకపోతే పులిసి వాసన వస్తుంది, అప్పుడు పారేయాలి. రెండోది దోరగా వేయించిన పొడి. సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చి, రంగు ఒక్క చాయ మారగానే దించేయాలి. నల్లబడితే చేదు ఇంకా పెరుగుతుంది. ఈ పొడిని పెద్ద గ్లాసు మజ్జిగలో వేసి, చిక్కబడేలోపు వెంటనే తాగాలి. పొడి పొడిగా నోట్లో పోసుకుని గుక్కెడు నీళ్లు తాగడం ప్రమాదం. గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది, పెద్ద వయసు వారికి మరీ.

మెంతి దోశ తింటున్నాం కదా అనుకునేవారికి ఒక మాట. మూడు గ్లాసుల బియ్యంలో చెంచాడు మెంతులు వేస్తే అది బియ్యపు దోశే.

చెమట, మూత్రం కాస్త పాకం వాసన వస్తే కంగారుపడక్కర్లేదు, అది మెంతుల వాసనే. వేరుశనగ, శనగ పడనివారికి మెంతులూ పడకపోవచ్చు, దురద, దద్దుర్లు వస్తే ఆపేయాలి. జిగురు పీచు మాత్రల్ని కూడా పట్టి ఉంచుతుంది. థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర, మరే మాత్రైనా మెంతులకు రెండు గంటల ఎడం పెట్టి వేసుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా ఈ మోతాదుకు వెళ్లొద్దు.

నేరేడు గింజలు

మే చివరి నుంచి జులై దాకా పళ్లు దొరుకుతాయి. ఏడాది పొడి ఆ కొన్ని వారాల్లోనే చేసుకోవాలి. ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) చెప్పే మోతాదు గింజల పొడి 3 నుంచి 6 గ్రాములు. రోజుకు 6 గ్రాముల లెక్కన మూడు నెలలకు అరకిలో పైచిలుకు పొడి కావాలి.

పండు తినేసి పారేసిన గింజలు కాకుండా, బాగా పండిన కాయల గింజలే తీసుకోండి. పచ్చికాయ గింజ ఎండితే ముడుచుకుపోయి పొడి రాలదు. గింజల్ని నీళ్లలో వేసి అరచేతులతో గట్టిగా రుద్ది కండ ఒక్క పోగు కూడా మిగలకుండా కడగాలి. పొడి పాడవడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది, అంటుకుని ఉన్న కండలోని చక్కెరకు చీమలు, ఆ వెనకే బూజు పడతాయి. పలచగా పరిచి నాలుగైదు రోజులు ఎండబెట్టాలి. జూన్ రెండో వారం దాటితే మబ్బు పట్టేస్తుంది, కాబట్టి రాత్రిళ్లు లోపల ఫ్యాను కింద ఉంచాలి. పై పెంకు పగిలి ఊడొస్తుంటే వేళ్లతో ఒలిచేయండి. లోపల ఆకుపచ్చ చాయ పప్పు ఉంటుంది. దాన్ని రోకలితో రెండు మూడు ముక్కలు చేసి మళ్లీ రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. ముక్క వంచితే సాగకుండా టక్కున విరిగితే తయారైనట్టు. పప్పు పగలగొట్టకుండా ఎండబెడితే పైకి గలగలలాడినా మధ్యలో తడి ఉండిపోతుంది. డబ్బాలో పోసిన నెలకు ఆ తడే బూజవుతుంది.

పొడి కొట్టి పలచని గుడ్డలో జల్లించి, గాజు సీసాలో నింపండి. నాలుగు నెలలకు మించి పొడిగా ఉంచొద్దు. మిగిలిన పప్పు ముక్కలుగానే దాచుకుని నెలకోసారి కొట్టుకుంటే గుణం నిలుస్తుంది. ముక్కిన వాసన వచ్చినా, గడ్డ కట్టినా, అందులో పురుగు గూడు తీగలు కనిపించినా జల్లించి వాడుకుందామని చూడకండి. బూజు పట్టిన గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే విషాలు పుడతాయి, అవి కంటికి కనపడవు, వేయిస్తే పోవు.

భోజనానికి పావుగంట ముందు 3 గ్రాములు నీళ్లలోనో మజ్జిగలోనో. పది రోజులు ఒక పూటే చూసి, రెండో పూటకు పెంచండి. తేనెలో కలుపుకోవడం మన అలవాటు గానీ, షుగర్‌కి మందు వేసుకుంటూ చెంచాడు తేనె తాగితే లెక్క సరిపోదు. ఈ పొడి వగరు, మలబద్ధకం చేస్తుంది. ముందే ఆ ఇబ్బంది ఉన్నవారు మెంతులతోనే సరిపెట్టుకోవడం మేలు. వగరు పదార్థాలు ఇనుమును పట్టేస్తాయి కాబట్టి ఐరన్ మాత్రకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి.

పొడపత్రి

ఆకును నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుండే మొక్క ఇదే. సంస్కృతంలో మధునాశిని, హిందీలో గుడ్‌మార్. నాలుక మీద తీపిని పట్టుకునే చోట్లను దీనిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు అరగంట నుంచి గంట దాకా మూసేస్తాయి. భోజనం చివర స్వీటు మీదికి చెయ్యి పోయేవారికి ఈ ఒక్క గుణమే పెద్ద సాయం. తీపి తెలియని మిఠాయి ఎవరూ రెండోది తినరు.

అసలైన ఆకో కాదో తెలుసుకునే పరీక్ష కూడా ఇదే. రెండు పచ్చి ఆకులు గానీ, చిటికెడు ఎండు పొడి గానీ నిమిషం పాటు నాలుక మీద తిప్పి, ఉమ్మేసి, నోరు పుక్కిలించి, నాలుగు పలుకుల పంచదార వేసుకోండి. తీపి తెలిస్తే అది పొడపత్రి కాదు, లేదా పాతబడి గుణం పోయిన పొడి. బజారులో కొనేటప్పుడు ఇంత తేలికైన పరీక్ష మరే మూలికకూ లేదు.

తీగ పొదల మీద పాకుతుంది. ఆకులు ఎదురెదురుగా, కోలగా, కొస తేలి, మెత్తని నూగుతో ఉంటాయి. పూలు చిన్నవి, పసుపు రంగు, గుత్తులుగా వస్తాయి. ఇంట్లో కొమ్మ నాటుకుంటే పందిరికి అల్లుకుంటుంది. ముదురాకులు పొద్దున మంచు ఆరాక కోసి, కడిగి, నీడలో పలచని గుడ్డ మీద మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ. పచ్చదనం నిలవాలి. కిలో పచ్చి ఆకు ఎండితే నాలుగో వంతో ఐదో వంతో మిగులుతుంది. కుప్పగా పోస్తే లోపల వేడెక్కి గోధుమ రంగుకు తిరుగుతుంది, అది పనికిరాదు.

పొడి 2 గ్రాములు గోరువెచ్చని నీళ్లలో, రెండు పూటలా భోజనానికి ముందు. 1990లో మద్రాసు విశ్వవిద్యాలయం వారు టైప్ 2 రోగులు 22 మందికి ఈ ఆకు సారాన్ని, అంటే ఆకులోని గుణాన్ని చిక్కగా తీసిన పదార్థాన్ని, రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఏడాదిన్నర పైగా ఇచ్చారు. షుగర్ తగ్గింది, కొందరి మాత్రలూ తగ్గాయి. కానీ అది చిన్న పరీక్ష, పోల్చి చూడడానికి ఉత్తుత్తి మాత్ర వేసిన గుంపు లేదు. పైగా వారు వాడింది సారం. సారం 400 మిల్లీగ్రాములు, ఆకు పొడి 400 మిల్లీగ్రాములు ఒకటి కావు. క్యాప్సూల్ కొనేవారు సీసా మీద 'సారం' అని ఉందా 'చూర్ణం' అని ఉందా చూడాలి. సారం వాడితే సీసా మీది మోతాదు దాటకూడదు, పొడితో కలిపి వాడకూడదు.

గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడుతున్నవారు దీంతో మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండూ కలిసి షుగర్‌ను అవసరానికి మించి దించేయగలవు.

ఉసిరి, పసుపు

ప్రమేహానికి, అంటే ఆయుర్వేదంలో షుగర్ లాంటి జబ్బులకు, ప్రాచీన వైద్య గ్రంథకర్త వాగ్భటుడు అగ్రస్థానం ఇచ్చింది ఈ జంటకే. కార్తీకం నుంచి మాఘం దాకా వచ్చే ఉసిరికాయల్ని గింజ తీసి, ముక్కలు చేసి ఎండబెట్టి పొడి కొట్టండి. పసుపు మాత్రం పొడి కొనొద్దు. నిజామాబాద్ వైపో, దుగ్గిరాల వైపో పండిన కొమ్ములు తెచ్చి మర పట్టించుకోండి. రంగు కోసం సీసం లవణం కలిపిన పసుపు పొడి మోతాదుగా తింటే మేలు కంటే కీడే ఎక్కువ. రెండూ సమానంగా కలిపి పూటకు 3 గ్రాములు, రెండు పూటలా, నీళ్లతో. పిత్తాశయంలో గానీ కిడ్నీలో గానీ రాళ్లున్నవారు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు వద్దు. ఉసిరి మురబ్బా గానీ, బెల్లం పాకంలో ఊరిన ఉసిరి గానీ ఈ లెక్కలోకి రావు.

వేగిస చెక్క

వేగిస చెట్టు చేవను తొలిచి చేసిన గ్లాసులో రాత్రి నీళ్లు పోసి ఉంచి పొద్దున తాగడం పాత పద్ధతి. ఎర్రచందనం దీనికి దాయాదే గానీ, ఇది అది కాదు. రెండింటినీ ఒకటిగా అమ్మేవారున్నారు. అసలైన వేగిస నీళ్లు కాఫీ డికాక్షన్ పలచన చేసినట్టు గోధుమ రంగుకు వస్తాయి, ఎండలో పట్టి పక్కనుంచి చూస్తే నీలి మెరుపు కనిపిస్తుంది. నీళ్లు పోసిన ఐదు నిమిషాలకే ఎర్రగా మారితే రంగు వేశారని అర్థం. గ్లాసును రోజూ బోర్లించి ఆరబెట్టకపోతే అడుగున బూజు పడుతుంది. నీళ్లకు రంగు రావడం మానేసిందంటే గ్లాసు పని అయిపోయినట్టే. లోపలి పొరను గరుకు కాగితంతో గీకితే కొన్నాళ్లు వస్తుంది.

గ్లాసు కంటే కషాయం నమ్మదగ్గది, ఎందుకంటే చెక్క తూచి వేస్తాం. 30 గ్రాముల చెక్క ముక్కల్ని నలగ్గొట్టి అరలీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున మూత లేకుండా సన్నని సెగ మీద నాలుగో వంతుకు మరిగించి, వడకట్టి, రెండు పూటలకు పంచుకోవాలి. ఇనుప, అల్యూమినియం గిన్నెలు వద్దు, స్టీలో మట్టో వాడండి. వగరు చెక్క ఇనుముతో కలిస్తే కషాయం నల్లగా మారుతుంది. ఏ రోజుది ఆ రోజే, ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజులు తాగే వస్తువు కాదు. 1998 నాటి పరీక్షలో వాడింది పొడిలా చేసిన మందు, రోజుకు 2 నుంచి 4 గ్రాములు, 12 వారాలు, అదీ కొత్తగా షుగర్ బయటపడినవారికి. పదేళ్లుగా షుగర్ ఉన్నవారు అంత ఫలితం ఆశించకూడదు.

కాకర, తంగేడు, ఇంకొన్ని

కాకరకాయ రసం 15 మిల్లీలీటర్లు చాలు. పెద్ద గ్లాసుడు తాగి కడుపు నొప్పి, వాంతులతో బాధపడేవారు చాలామంది. గింజలు తీసి, అప్పటికప్పుడు దంచి పిండిన రసాన్ని నీళ్లు కలిపి తాగాలి. ఏళ్ల తరబడి జరిగిన పరీక్షల్ని ఒకచోట చేర్చి చూసినప్పుడు కాకర షుగర్‌ను తగ్గిస్తుందని చెప్పడానికి ఆధారం చాలలేదు. అందుకే దీన్ని మందుగా కాక కూరగా తినమంటాం. బెల్లం వేసిన పులుసు, నూనెలో మునిగేలా వేయించిన చిప్స్ ఆ కూర కిందికి రావు. పిల్లలకు రసం అసలు పట్టించకూడదు, షుగర్ పడిపోయి మూర్ఛలు వచ్చిన ఉదాహరణలున్నాయి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా చితికిపోయే పుట్టు లోపం) ఉన్నవారికీ, గర్భిణులకూ రసం వద్దు.

తంగేడు పూలు బతుకమ్మ రోజుల్లో విరివిగా దొరుకుతాయి. నీడలో ఎండబెట్టి, 2 గ్రాములు వేడినీళ్లలో ఏడు నిమిషాలు ఉంచి టీ బదులు తాగొచ్చు. చక్కెర టీ ఒకటి తగ్గితే అదే లాభం. ఈ మొక్కలో కాలేయానికి పడని ఆల్కలాయిడ్లు ఉన్నట్టు శ్రీలంకలో జరిగిన పరిశోధనలో తేలింది కాబట్టి నెలల తరబడి రోజూ తాగొద్దు. ఆకు సంగతి వేరు, అది విరేచనకారి.

ఇన్సులిన్ మొక్క అని కుండీల్లో పెంచేదాని పేరులోనే ఇన్సులిన్ ఉంది, ఆకులో లేదు.

ముట్టకూడనివి

బిళ్ళగన్నేరు ఆకులు రోజుకు ఐదు నమలమని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. 1950లలో కెనడాలో ఇదే నమ్మకంతో ఈ ఆకును ఎలుకలకిచ్చి చూశారు. షుగర్ తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. ఆ దారిలోనే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. క్యాన్సర్ కణాన్ని ఆపే ఆకును షుగర్ కోసం రోజూ నమిలితే ఎముక మజ్జ, నరాలు దెబ్బతింటాయి. అసలే షుగర్‌తో కాళ్లు తిమ్మిరెక్కే వారికి అది రెట్టింపు నష్టం.

తిప్పతీగ విషయంలో కరోనా తర్వాత పరిస్థితి మారింది. 2021లో ముంబైలో ఈ కషాయం వాడిన కొందరికి కాలేయం వాచినట్టు వైద్యులు ప్రచురించారు. అది అసలు తిప్పతీగ కాదు, దాన్ని పోలిన మరో తీగ కావచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఇంట్లో చేయాల్సింది ఒక్కటే: కాండం నిండా గట్టి పొక్కుల్లాంటి బొడిపెలుంటే ఆ తీగను వదిలేయండి. సరైన తీగే అయినా థైరాయిడ్, కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు (ఒంటి రక్షణ శక్తే ఒంటి మీద దాడి చేసేవి) ఉన్నవారు, కాలేయం బలహీనంగా ఉన్నవారు వాడకపోవడమే మంచిది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు పసుపైనా ఏ మూలికైనా ఆ క్షణమే ఆపి లివర్ పరీక్ష చేయించాలి.

కొనే పొడులు

సంతలో, బస్టాండులో, ఫోన్‌లో వచ్చే ప్రకటనల్లో 'షుగర్‌ను శాశ్వతంగా తీసేస్తాం' అని అమ్మే పొడి కొనకండి. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఇలాంటి పొడుల్లో మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి అల్లోపతి మాత్రలు నూరి కలిపిన సంగతి పరీక్షల్లో చాలాసార్లు బయటపడింది. గుర్తు ఒక్కటే: మూలిక వారాల మీద పనిచేస్తుంది. వేసుకున్న రెండో రోజుకే 280 కాస్తా 120 అయితే అందులో ఆకు కాక మరేదో ఉంది. సీసా మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, పదార్థాల పేర్లు వాటి బరువులతో సహా ఉన్నదే కొనండి. భస్మాలు, సిందూరాలు (లోహాలతో చేసే మందులు) కలిసినవి వైద్యుడు రాయకుండా వాడొద్దు.

షుగర్ పడిపోతే

చేతులు వణకడం, చెమట, గుండె దడ, కళ్లు చీకట్లు కమ్మడం, అకారణంగా చిరాకు. మీటరు 70 కంటే తక్కువ చూపితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అది లేకపోతే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా 70 లోపే ఉంటే మరోసారి. ఆ తర్వాత ఏదైనా తినాలి. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, పంచదార విడిపోవడాన్నే ఆ మాత్రలు ఆపుతాయి. వారు గ్లూకోజ్ పొడే ఇంట్లో, సంచిలో ఉంచుకోవాలి. పొడపత్రి నమిలి ఉన్నప్పుడు గ్లూకోజ్ తీపి తెలియదు, అయినా అది రక్తంలో పనిచేస్తుంది కాబట్టి తాగడం ఆపొద్దు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

వారంలో రెండుసార్లు 80 లోపు వచ్చిందంటే మూలిక ఆపి, పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏకాదశి, శివరాత్రి ఉపవాసాలకూ, రంజాన్ రోజాలకూ పగటి మోతాదు మానేయాలి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందు నుంచి అన్నీ ఆపి, ఏమేం వాడారో మత్తు డాక్టరుకు చెప్పాలి. జ్వరం, విరేచనాలు వచ్చి తిండి సరిగ్గా తిననప్పుడూ అంతే. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆపిన మోతాదు దగ్గర కాదు, సగం దగ్గర మొదలుపెట్టండి.